దొరగారికి దౌడు, మనకు వాయిదా

సర్కారు పనంటే నత్తనడకేనని ఎవరండీ అన్నది? లెంపలేసుకోండి. 2025 జులై 5న తెలంగాణ కార్మిక శాఖ 282 నంబరు జీవో ఇచ్చింది. వాణిజ్య సంస్థలు ఉద్యోగితో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చన్నది దాని సారం. జులై 8 నుంచి అమలు. మూడంటే మూడు రోజులు! ఏం చురుకు, ఏం పరుగు!

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. రోడ్డు ప్రమాదంలో రక్తమోడుతున్న మనిషికి తొలి గంటలోనే, పైసా అడక్కుండా వైద్యం అందాలని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఆ గంటకు ‘గోల్డెన్ అవర్’ అని బంగారం లాంటి పేరు పెట్టారు. ఆ మాట చెప్పే 162వ సెక్షన్ 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని కింద పెట్టాల్సిన పథకం మాత్రం రాలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కల్పించుకుని, మార్చి 14లోగా పథకం తెమ్మంది. మార్చి 14 వచ్చింది, వెళ్లింది. పథకం జాడ లేదు. ఏప్రిల్‌లో కోర్టు కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్యదర్శిని పిలిపించి గట్టిగా అడిగింది. మే 5న నోటిఫికేషన్ ఊడిపడింది. ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స.

పదో గంట మూడు రోజుల్లో వచ్చింది. తొలి గంటకు దాదాపు ఆరేళ్లు పట్టింది. చట్టం ఎవరి చుట్టమో తెలుసుకోవడానికి ఇంకా జాతకం చూపించుకోవాలా?

మన దేశంలో చట్టాలకు కొదవ లేదు. ఇంట్లో అమ్మకూ నాన్నకూ చట్టం ఉంది. ఆఫీసులో ఉద్యోగికి ఉంది. అద్దె ఇంటికి ఉంది. ఆసుపత్రి మంచానికి ఉంది. తేడా అంతా వేగంలోనే. పైవాడికి పనికొచ్చేది పరుగెత్తుకుంటూ వస్తుంది. కిందివాడికి పనికొచ్చేది ‘నిబంధనలు రూపొందిస్తున్నాం’ అంటూ పడకేస్తుంది. నాలుగు గుమ్మాలూ తిరిగి చూద్దాం పదండి.

మనమంతా ఒకే కుటుంబం (రాత్రి తొమ్మిది దాకా)

ముందు ఆఫీసు. పది గంటల జీవో గురించి అడిగితే ‘వారానికి 48 గంటలు దాటించం కదా’ అంటారు. నిజమే, జీవోలో ఉంది. దాటితే ఓవర్‌టైం ఇవ్వాలనీ ఉంది. ఆ ఓవర్‌టైం మూడు నెలలకు 144 గంటల దాకా చేయించుకోవచ్చనీ ఉంది. విశ్రాంతితో కలిపి రోజు మొత్తం 12 గంటలు దాటకూడదనీ ఉంది. అంటే ఉదయం తొమ్మిదికి వేలిముద్ర వేసినవాడు రాత్రి తొమ్మిదికి బయటపడినా చట్టం దృష్టిలో అంతా సవ్యమే. పైన మాదాపూర్ నుంచి ఉప్పల్ దాకా ట్రాఫిక్ కలుపుకోండి. ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. వాళ్ల ముఖాలు గుర్తుంచుకోవడానికి ఫోన్లో ఫొటోలు ఉన్నాయిగా!

ఆంధ్రప్రదేశ్ వెనకబడుతుందా? అంతకు నెల ముందే, జూన్‌లోనే, తొమ్మిది గంటల పరిమితిని పదికి పెంచడానికి అక్కడి మంత్రివర్గం సరేనంది. రెండు రాష్ట్రాలూ నీళ్ల దగ్గర కొట్టుకుంటాయి. ఆస్తుల పంపకం దగ్గర కొట్టుకుంటాయి. కార్మికుడి గంటల దగ్గర మాత్రం రామలక్ష్మణులే.

తెలంగాణ జీవోకు సరిగ్గా ఐదు రోజుల ముందు, జూన్ 30న, పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా చనిపోయారు. కొందరి శరీరాల ఆనవాళ్లు కూడా ఇంటికి చేరలేదు. ‘ఫ్యాక్టరీలు వేరు, వాణిజ్య సంస్థలు వేరు’ అని లా పాయింటు లాగుతారని తెలుసు. లాగండి. జీవో ఇచ్చిన శాఖ పేరులోనే ‘కర్మాగారాలు’ అని ఉంది కదా? శిథిలాల్లో ఇంకా వెతుకుతున్న వారంలోనే ఆ శాఖకు అంత అర్జెంటుగా గుర్తొచ్చింది ఏమిటి? పని గంటలు. కారణం ఏం చెప్పారు? వ్యాపారం చేయడం సులభం కావాలట!

ఇక ఢిల్లీ వారి కానుక. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా చుట్టారు. ఒకటి 2019లో, మూడు 2020లో పార్లమెంటు దాటాయి. అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. వాటిలో మంచి మాటలు లేకపోలేదు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ రావాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం చేతిలో పెట్టాలి. రెండు రోజులు! మీ హెచ్‌ఆర్ మేడంకు ఈ సంగతి చెప్పి చూడండి. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటుకి ఫార్టీఫైవ్ డేస్ అండీ, కంపెనీ పాలసీ’ అని చల్లగా సెలవిస్తారు. పార్లమెంటు గొప్పదా, పాలసీ గొప్పదా? జీతం ఆగిపోయినవాణ్ణి అడగండి, చెబుతాడు.

అదే కోడ్‌లలో యజమానికీ ఒక వరం ఉంది. ఇదివరకు వంద మంది కార్మికులున్న ఫ్యాక్టరీ జనాన్ని తీసేయాలన్నా, మూసేయాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఇప్పుడు ఆ గీత మూడు వందలకు జరిగింది. గమనించారా? ఉద్యోగికి ఇచ్చిన హక్కు అతను అడగాలి, ఫిర్యాదు చేయాలి, తిరగాలి, చెప్పులరగాలి. అప్పుడుగానీ కదలదు. యజమానికి ఇచ్చిన వెసులుబాటు ఎవరినీ అడగక్కర్లేదు. దానంతటదే పనిచేస్తుంది.

పది నిమిషాల్లో పెరుగు ప్యాకెట్ తెచ్చే కుర్రాడి సంగతి మరీ విడ్డూరం. యాప్ కంపెనీలు ఏటా టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం అతని సామాజిక భద్రతకు ఇవ్వాలని 2020లోనే చట్టంలో రాశారు. ఆ చట్టం అమల్లోకి రావడానికే అయిదేళ్లు దాటింది. పెరుగు పదో నిమిషంలో రాకపోతే అతనికి రేటింగు కోస్తారు. అయిదేళ్లు ఆలస్యంగా వచ్చిన చట్టానికి రేటింగు కోసేది ఎవరు?

కనండి బాబూ కనండి

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే అర్హత లేదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. ముప్పై ఏళ్లు ‘చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం’ అని గోడల నిండా రాశారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. అంతకు నెల ముందు అక్కడి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇంకో అడుగు ముందుకేశారు. ఇద్దరికంటే ఎక్కువ మంది ఉన్నవారికే స్థానిక ఎన్నికల్లో అవకాశం ఇచ్చే చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. నిన్నటి నేరం నేటి అర్హత! పాపం, ముగ్గురు పిల్లలున్నందుకు నాడు సర్పంచి పదవికి దూరమైనవాళ్లకు ఎవరు సారీ చెబుతారు?

సరే, కనమన్నారు. ఎప్పుడు కనాలి? పదో గంట తర్వాతా? కన్నాక ఎక్కడ పెట్టాలి? యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో పిల్లల సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసిరావచ్చని 2017లోనే ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. మీ ఆఫీసులో ఆ గది ఏ అంతస్తులో ఉందో చెప్పండి చూద్దాం. టేబుల్ టెన్నిస్ బల్ల ఎక్కడుందో చెప్పమంటే టక్కున చెబుతారు కదా?

ఇంకో తమాషా చూడండి. కేంద్ర చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఇస్తుంది. మూడో బిడ్డకు 12 వారాలే. ముఖ్యమంత్రి గారేమో మూడో బిడ్డను కనమంటారు. కేంద్ర చట్టమేమో మూడో బిడ్డకు సగం సెలవు కూడా ఇవ్వనంటుంది. ప్రభుత్వ ఉద్యోగినులకు ఎన్ని కాన్పులైనా పూర్తి సెలవు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో చెప్పింది. సంతోషం. మరి బట్టల షాపులో పొద్దుటి నుంచి నిలబడే అమ్మాయికి? అలా నిలబడే వాళ్లకు కూర్చోవడానికి సీటు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేయాల్సి వచ్చింది. కుర్చీకి కూడా చట్టం కావాల్సిన చోట మూడో బిడ్డ ముచ్చట మాట్లాడుతున్నాం మనం.

పిల్లల సంగతి అయింది. పెద్దల సంగతి? తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని 2025 అక్టోబరులో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు గ్రూప్-2 నియామక పత్రాలిస్తూ ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. మరి ఇప్పటికే ఉన్న చట్టం ఏమైంది? 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం నెలకు పది వేలకు మించి భరణం ఇప్పించడానికి వీల్లేదు. 2007లో పది వేలు. ఇప్పుడూ పది వేలే. బీపీ బిళ్లల ధర కూడా అక్కడే ఆగిందా? ఆ గరిష్ఠ పరిమితిని ఎత్తేస్తామని 2019 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి పంపారు. ఆ లోక్‌సభ ముగిసింది. బిల్లూ ముగిసింది.

అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. కన్నవారిని ఎక్కడో వదిలేసి వస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తాగి బండి నడిపితే మొదటిసారికే 10,000 జరిమానా. అమ్మను బస్టాండులో వదిలేస్తే దానిలో సగం. రేటు కార్డు బాగుంది కదూ?

ఆ ఫిర్యాదు వినాల్సింది ఎవరు? ఆర్డీఓ గారి ట్రిబ్యునల్. ఆర్డీఓ గారికి ఏం పనులుంటాయి? భూసేకరణ, ఎన్నికలు, ఓటర్ల జాబితా, ధాన్యం కొనుగోలు, మంత్రిగారి పర్యటన, హెలిప్యాడ్ ఏర్పాట్లు. ఇవన్నీ అయ్యాక, డెబ్బై అయిదేళ్ల ముసలమ్మ కొడుకు మీద రాసుకొచ్చిన అర్జీ. తొంభై రోజుల్లో తేల్చాలని చట్టం. ‘సార్ క్యాంపులో ఉన్నారు, వచ్చే సోమవారం రండి అవ్వా’ అని అటెండరు. ఆస్తి రాయించుకుని గెంటేసిన పిల్లల పేరున ఉన్న గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయవచ్చని, ఇల్లు ఖాళీ చేయించే ఆదేశం కూడా ట్రిబ్యునల్ ఇవ్వవచ్చని 2025 జనవరి 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. కానీ అంతదూరం వెళ్లేసరికి ఆ తల్లి ఉండాలి కదా?

టు-లెట్: మీరేమిట్లండీ?

గేటుకు బోర్డు వేలాడుతుంటుంది. ‘చిన్న కుటుంబానికి మాత్రమే’. ‘శాకాహారులకు మాత్రమే’. లోపలికి వెళ్తే మొదటి ప్రశ్న అద్దె ఎంత ఇస్తారని కాదు. ‘మీరేమిట్లండీ?’ రాజ్యాంగం 1950లో వచ్చింది. రెండో పోర్షన్ దాకా ఇంకా రాలేదు.

2025లో వాట్సాప్ నిండా ‘కొత్త అద్దె నిబంధనలు వచ్చేశాయ్’ అని ఒకటే సందడి. అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దట, ఓనరు చెప్పకుండా లోపలికి రాకూడదట! అద్దెదారులు మురిసిపోయారు, ఓనర్లు ఉలిక్కిపడ్డారు. అసలు సంగతి? అవి చాలావరకు 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోని మాటలు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. గొడవొచ్చిందని నీళ్లు, కరెంటు కట్ చేయకూడదు. అన్నీ బంగారు మాటలే. కాకపోతే అది నమూనా. రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. షోకేసులో బొమ్మకు కట్టిన చీరను చూసి పెళ్లికి ముస్తాబయ్యామనుకున్నాం మనం.

తెలంగాణలో ఇప్పటికీ దిక్కు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. విజయవాడలో అద్దెకుండే పదిమందిని ఆపి ఆ చట్టం పేరు అడగండి. పది మందీ మిమ్మల్నే ఎగాదిగా చూస్తారు. అసలు చట్టం ఏమిటంటే వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలల అగ్రిమెంటు. పదకొండే ఎందుకు? కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలి కాబట్టి. ఇలా దేశం దేశమంతా పదకొండు నెలల క్యాలెండరు మీద కాపురం చేస్తోంది. ఖాళీ చేసే రోజు ‘పెయింటింగుకి ఒక నెల అద్దె’ అని అడ్వాన్సులో కోత. ఆ గోడకు రంగు వేశారో లేదో చూడ్డానికి మళ్లీ ఎవడు వెళ్తాడు? బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలనడగండి. అక్కడ పది నెలల అడ్వాన్సు అడిగే ఓనర్లు కూడా ఉన్నారు.

ఓనరంటే అందరూ జమీందార్లే అనుకోకండి. రిటైరైన మాస్టారు పింఛను సరిపోక పైపోర్షన్ అద్దెకిచ్చుకుంటారు. అద్దె ఎగ్గొట్టి కూర్చున్నవాణ్ణి లేపాలంటే ఆయన కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలి. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆపైన నాలుగింతల అద్దె అని ఆ నమూనాలో ఆయనకూ ఊరట ఉంది. ఇద్దరికీ మేలు చేసే చట్టం. అందుకే కాబోలు, ఎవరికీ తొందర లేదు. పది గంటల పని లాగా ఇదీ ఎవరో పెద్దమనిషికి లాభమై ఉంటే మూడు రోజుల్లో రాదూ?

బిల్లు సెటిలయ్యాకే బాడీ

చివరి గుమ్మం ఆసుపత్రి. పాలరాతి నేల. ఫౌంటెన్. కాఫీ షాపు. గోడ మీద వైద్యుల నిలువెత్తు ఫొటోలు. అన్నీ ఉన్నాయి. రేట్ల బోర్డు ఏదీ? 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో చేసిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ప్రతి సేవకూ రేటు స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ కనబడేలా పెట్టాలి. ప్రభుత్వం నిర్ణయించిన పరిధిలోనే వసూలు చేయాలి. ఆ పరిధి ఏదీ అని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. రాష్ట్రాలు స్పందించడం లేదని కేంద్రం జవాబు. పన్నెండేళ్లు! టమాటా ధర బోర్డు మీద రాయకుండా రైతు బజారులో అమ్మనివ్వరు. గుండె ఆపరేషన్ ధర మాత్రం డిశ్చార్జి రోజున తెలుస్తుంది.

మందులు ఆసుపత్రి దుకాణంలోనే కొనాలని ఒత్తిడి చేస్తున్నారంటూ వేసిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ విషయం చూసుకోమని రాష్ట్రాలకు వదిలేసింది. మందులు ఎక్కడైనా కొనుక్కునే హక్కు రోగికి ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లోనే తన హక్కుల పత్రం ముసాయిదాలో రాసింది. మొత్తం 17 హక్కులు. బిల్లు గొడవ పేరుతో మృతదేహాన్ని ఆపకూడదన్నది కూడా అందులో ఉంది. మన ఊళ్లలో ఆ హక్కు ఎలా సాధిస్తారో తెలుసు కదా? బంధువులంతా వచ్చి గేటు ముందు కూర్చోవాలి. లోకల్ లీడరు ఫోన్ చేయాలి. టీవీ కెమెరా రావాలి. అప్పుడు ‘మానవతా దృక్పథంతో’ శవాన్ని అప్పగిస్తారు. హక్కును దయగా మార్చి చేతిలో పెడతారు.

బీమా ఉందని ధీమాగా ఉన్నారా? డిశ్చార్జి అర్జీ అందిన మూడు గంటల్లో బీమా కంపెనీ అనుమతి ఇవ్వాలని, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీయే భరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఆదేశించింది. ఒకసారి ఆ కౌంటరు దగ్గర నిలబడి చూడండి. పొద్దున పది గంటలకు డాక్టరు ‘ఇంటికెళ్లొచ్చు’ అంటాడు. పదకొండుకు ‘ఫైలు బిల్లింగులో ఉంది’. రెండింటికి ‘ఇన్సూరెన్సుకి పంపాం’. అయిదింటికి ‘క్వెరీ వచ్చింది’. ఆరింటికి షిఫ్టు మారింది, ఇప్పటిదాకా మాట్లాడిన అమ్మాయి వెళ్లిపోయింది. రాత్రికి గది అద్దె ఇంకో రోజుది పడింది. మూడు గంటల లెక్క ఎప్పుడు మొదలైంది? ఆసుపత్రి అర్జీ పంపినప్పుడట. ఎప్పుడు పంపింది? అది మాత్రం మీకు చెప్పరు.

బీమా లేనివాళ్లకు ఆరోగ్యశ్రీ ఉందంటారా? ఉంది. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచింది. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే కథ. అక్కడ పథకం పేరు వైఎస్సార్ నుంచి ఎన్టీఆర్‌కు చకచకా మారిపోయింది. ఫ్లెక్సీల ప్రింటింగు ఎక్కడా ఆగలేదు. ఆగింది ఆపరేషన్లే. పది లక్షల కార్డు పట్టుకుని పదివేల అడ్వాన్సు కోసం అప్పు వెతుక్కునే వాడికి ఏ నాయకుడి బొమ్మ ఉంటే ఏమిటి?

తేదీ చెప్పండి సార్

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని మన పెద్దలు పూజారిని తిట్టుకున్నారు. ఇక్కడ వరమిచ్చేదీ, తలుపు వేసేదీ ఒకరే. ‘అమలులో జాప్యం’, ‘సిబ్బంది కొరత’, ‘రాష్ట్రాలతో సంప్రదింపులు’ లాంటి మాటలతో మనల్ని జోకొట్టొద్దు. మూడు రోజుల్లో జీవో అమలు చేయగలమని మీరే నిరూపించారు. అంటే చేయడం వచ్చు. మిగతావి చేయకపోవడం చేతకాక కాదు. ఇష్టం లేక.

కాబట్టి పాఠక మహాశయా, ఈసారి వేదిక మీద ఎవరైనా కొత్త చట్టం తెస్తామనగానే చప్పట్లు కొట్టకండి. చేయెత్తండి. అమలు ఏ తేదీ నుంచి సార్? నిబంధనలు ఎప్పుడొస్తాయి సార్? చేయని అధికారికి జరిమానా ఎంత సార్? అని అడగండి. ఆఫీసులో నియామక పత్రం కాగితం మీద అడగండి. ఆసుపత్రిలో చేరేముందే రేట్ల పట్టిక అడగండి. అడ్వాన్సు ఇచ్చేముందు రసీదు అడగండి. ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇస్తే అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మనం అడగమన్న ధీమాతోనే వాళ్లు ఇన్నేళ్లుగా నిశ్చింతగా నిద్రపోతున్నారు.